కపోక్‌తో మొదటి ముప్పై

నాకు వంటింటి తూకాలే తెలుసు, వాటితోనే చెబుతాను.
ఈ కరూ రాతినేల మీద దూరాలకు గుర్రాన్ని తయారుచేయడమంటే
నూట నలభై మంది హాస్టల్ పిల్లలకు
మొక్కజొన్న జావ కాచడమే.
మంట పెంచితే అడుగంటుతుంది.
తిప్పడం మానితే ఉండలు కడుతుంది.

వేలంలో ఎవరూ చెయ్యెత్తని నాలుగేళ్ళ ఆడగుర్రం.
ముందు మోకాళ్ళు పుట్టి, ఒళ్ళు తర్వాత తగిలించినట్టు ఉండేది.
మంచు పడిన తెల్లవారుజామున పుట్టిందట,
మంచు పేరే పెట్టారు: కపోక్.
చెల్లెలు మాగ్రీటా "ఉట్టికెగరలేనమ్మ" అని మొదలుపెట్టి,
నా నడుము కేసి చూసి, సామెత సగంలో మింగేసింది.
నలభై ఆరేళ్ళు నాకు. జీనెక్కాలంటే
కాలికింద తిరగేసిన పాల క్రేటు ఉండాలి.

అపోల్స్ తాత నవ్వలేదు.
యాభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ గుర్రాలకు లాడాలు కొట్టి
తనదంటూ ఒక్క తోక వెంట్రుక మిగుల్చుకోనివాడు.
గిట్ట ఎత్తి, వాసన చూసి, దించి అన్నాడు:
"నడిపించు. ఊరికే నడిపించు.
గుండె మూణ్ణెల్లలో నేర్చుకుంటుంది,
కండ ఆర్నెల్లలో.
ఎముక మూడేళ్ళడుగుతుంది.
గుండె మాట విని ఎముకను మోసం చెయ్యకు."

నడిచాం.
రాత్రి గంగాళాలు తోమేలోపు దొరికిన వెలుతురులో
గొర్రెల కంచె వెంట గాలిమర దాకా, మళ్ళీ వెనక్కి.
గాలిమర కిర్రుమంటే అది పక్కకు దూకేది,
నేను ముళ్ళపొదలో తేలేదాన్ని.
మూడోసారి పడ్డాక గాలిమరను తిట్టడం మానేసి
పగ్గం వదులుగా పట్టుకుని దాని కిందే కూర్చుని రొట్టె తిన్నాను.
కిర్రు. కిర్రు.
ఒక చెవి తిప్పింది. రెండోది కూడా.
తర్వాత నా రొట్టె లాక్కుంది.

మోచేతి వెనక అరచెయ్యి ఆనించి
పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం నేర్చాను.
పొట్టకు చెవి ఆనిస్తే గుడగుడలు.
ఆ చప్పుడు ఆగితేనే భయపడమన్నాడు తాత.
ఆ చప్పుడు నాకు ఎప్పట్నుంచో తెలుసు,
పొయ్యి మీద.

మే నెల. నీళ్ళ తొట్టిలో మంచుపలక.
దాని తుంటి మీద మైనపు సుద్దతో రెండు వందల పన్నెండు.
సన్నటి అరబ్బు గుర్రాలన్నీ దుమ్ములోకి మాయమవగానే
కపోక్‌లో నేనెరగని గుర్రమేదో నిద్రలేచింది.
పదమంటుంది అది. జావ, జావ, అంటాను నేను.
కళ్ళెం మీద దాని బరువంతా నా భుజాలకెక్కింది.
ఎనిమిది కిలోమీటర్లు వాదించుకున్నాం.
తొమ్మిదో దగ్గర కోర్హాన్ పిట్ట ఒకటి గోల పెడుతూ పొదలోంచి లేస్తే
అది బెదరలేదు.
ఉలిక్కిపడింది నేనే.

సగం దారిలో పశువైద్యురాలు.
గుండె యాభై ఆరు. అరవై నాలుగు దాకా సమ్మతమే.
చిగురు నొక్కి వదిలితే రంగు ఠక్కున తిరిగొచ్చింది.
మెడ మీద చర్మం పట్టి లాగితే వెంటనే సర్దుకుంది.
"ఒకసారి పరిగెత్తించి చూపించు."
పగ్గం పట్టుకుని పరిగెత్తాను, అరిగిన బూట్లతో, రొప్పుతూ.
"మళ్ళీ."
మళ్ళీ.
ఎడమ ముందుకాలు అంది. వెంట్రుకవాసి.
నాకు కనబడలేదు.
తాతకు కనబడింది గనకే నేలకేసి చూస్తున్నాడు.

ముప్పైలో పదిహేను.
కార్డు మీద ఎర్రగీత.
ఇంటిదాకా ఎవరం మాట్లాడలేదు,
వెనక ట్రైలర్‌లో అది మాత్రం తీరిగ్గా గడ్డి నములుతోంది.

రాత్రి దీపం పట్టుకుని గిట్ట శుభ్రం చేస్తే
కందిగింజంత కమిలిన మచ్చ.
ఏ రాయో. ఏ కిలోమీటరో.
మేం వాదించుకున్న ఆ ఎనిమిదిలో కాకూడదని
ఎంతసేపు అనుకున్నానో.
అది నా వీపు మీద ముక్కు రాసి
జేబులో రొట్టె కోసం వెతికింది.

ఇరవై ఒక్క రోజులు విశ్రాంతి.
ఇరవై రెండో రోజు గాలిమర దాకా నడక, అంతే.
పొద్దున దొడ్డి గేటుకు కొత్త లాడాలు నాలుగు వేలాడుతున్నాయి,
ధర చెప్పకుండా వెళ్ళిపోయాడు తాత.
వాన మబ్బు పట్టిందని మాగ్రీటా సామానంతా లోపల పెడుతోంది.
పాల క్రేటు మాత్రం తియ్యొద్దన్నాను.
అక్కడే ఉండనీ,
తలకిందులుగా.